రహదారిపై లారీల భద్రతా తనిఖీ: తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతం

సరుకు రవాణా వాహనాన్ని దారిలో ఆపి, దాని కాగితాలు, యాంత్రిక స్థితి, మోస్తున్న బరువు, నడుపుతున్న వ్యక్తి అర్హత చట్టం చెప్పినట్టు ఉన్నాయో లేదో అధికారులు అక్కడికక్కడే పరిశీలించడాన్ని రహదారి భద్రతా తనిఖీ అంటారు. ఆ తనిఖీలో తప్పు దొరకకుండా వాహనాన్ని, సిబ్బందిని, సరుకును ఎప్పటికప్పుడు నియమాలకు లోబడి ఉంచుకోవడం నియమాల పాటింపు. మొదటిది ప్రభుత్వం చేసే పని, రెండోది యజమాని, డ్రైవరు కలిసి చేయాల్సిన పని. లారీలు, టిప్పర్లు, ట్యాంకర్లు, కంటైనర్లు, మినీ లారీలు, ట్రాలీ ఆటోలు, కిరాయికి తిరిగే ట్రాక్టర్ ట్రైలర్లు దీని పరిధిలోకి వస్తాయి.

ఈ వ్యాసం గుంటూరు జిల్లాలోని తెనాలి, బాపట్ల జిల్లాలోని బాపట్ల, రేపల్లె పట్టణాల చుట్టూ ఉన్న కృష్ణా పశ్చిమ డెల్టా ప్రాంతాన్ని ఆధారం చేసుకుని ఈ విషయాన్ని వివరిస్తుంది.

ప్రాంతం, రహదారులు, సరుకులు

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగింది. అంతవరకు ఉమ్మడి గుంటూరు జిల్లాలో ఉన్న బాపట్ల, రేపల్లె కొత్త బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది. పాలనాపరంగా విడిపోయినా మూడు పట్టణాల సరుకు రవాణా ఒకే అల్లికగా సాగుతుంది.

ఈ ప్రాంతంలో మూడు రకాల దారులున్నాయి. కత్తిపూడి నుంచి ఒంగోలు వరకు తీరం వెంట సాగే 216వ జాతీయ రహదారి పెనుమూడి–పులిగడ్డ వారధి మీదుగా కృష్ణానదిని దాటి రేపల్లె, బాపట్ల, చీరాల ప్రాంతాలను కలుపుతుంది. గుంటూరు నుంచి పొన్నూరు మీదుగా బాపట్ల, చీరాల వెళ్లే రోడ్డు, తెనాలి నుంచి గుంటూరు, మంగళగిరి, రేపల్లె వైపు వెళ్లే రోడ్లు రెండో రకం. కాలువ గట్ల వెంట పల్లెలను కలిపే ఇరుకు దారులు మూడో రకం. కోల్‌కతా–చెన్నై 16వ జాతీయ రహదారి ఈ ప్రాంతానికి పడమరగా గుంటూరు, చిలకలూరిపేట, మార్టూరు మీదుగా వెళ్తుంది. దూరప్రాంతాలకు వెళ్లే లారీలు చివరికి ఆ దారినే అందుకుంటాయి.

ఇక్కడి లారీలు ప్రధానంగా ధాన్యం, బియ్యం, మినుములు, మొక్కజొన్న, దుగ్గిరాల యార్డు పసుపు, తెనాలి మార్కెట్ నిమ్మకాయలు, నిజాంపట్నం రేవు చేపలు, తీర మండలాల రొయ్యలు, కృష్ణా ఇసుక, మార్టూరు పాలిషింగ్ యూనిట్ల గ్రానైటు మోస్తాయి. తనిఖీలో ఏ లోపం ఎక్కువగా బయటపడుతుందనేది చాలావరకు లారీ మోసే సరుకును బట్టే ఉంటుంది (చూ. సరుకును బట్టి తనిఖీ).

చరిత్ర

డెల్టాలో సరుకు రవాణా మొదట కాలువల మీద సాగింది. విజయవాడ దగ్గర 1855లో పూర్తయిన ఆనకట్ట నుంచి బయల్దేరిన కాలువలు సాగునీటితో పాటు పడవలకూ దారి ఇచ్చాయి. దుగ్గిరాల నుంచి పెదగంజాం వరకు సాగే కొమ్మమూరు కాలువ బకింగ్‌హామ్ కాలువతో కలిసి మద్రాసు వరకు జలమార్గమైంది. రోడ్లు మెరుగై లారీలు పెరిగే కొద్దీ పడవల రవాణా తగ్గిపోయింది.

మోటారు వాహనాలపై దేశవ్యాప్తంగా వర్తించిన తొలి చట్టం 1914లో వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 1939 చట్టం పర్మిట్లు, బీమా, ఫిట్‌నెస్ ధ్రువపత్రం వంటి భావనలను స్థిరపరిచింది. వాహనాన్ని పరీక్షించే మోటారు వాహనాల తనిఖీ అధికారిని జనం ‘బ్రేకు ఇన్‌స్పెక్టర్’ అని పిలవడం పాతకాలం నుంచి వస్తున్న అలవాటు. బండి నడిపించి బ్రేకు పట్టు చూడటం ఆయన పనిలో అందరికీ కనిపించే భాగం కావడం వల్ల ఆ పేరు నిలిచింది.

ఇప్పుడు అమల్లో ఉన్న మోటారు వాహనాల చట్టం 1988లో చేసినది. 1989 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2010లో జాతీయ పర్మిట్ల కొత్త పద్ధతి రావడంతో ఒకే రుసుముతో దేశమంతా లారీ తిప్పే వీలు కలిగింది. 2017 జులై 1న జీఎస్టీ అమలుతో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తివేశారు. రాష్ట్రం లోపల తిరిగే సరుకుకు ఈ–వే బిల్లును 2018 ఏప్రిల్ 15న మొదటి విడతగా అమలు చేసిన అయిదు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఈ మార్పులతో ఒకే చోట అన్ని లారీలనూ ఆపే పద్ధతి తగ్గి, అధికారులు వాహనాల్లో తిరుగుతూ చేసే తనిఖీలకు ప్రాధాన్యం పెరిగింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి జరిమానాలను భారీగా పెంచారు. అందులోని చాలా సెక్షన్లు ఆ ఏడాది సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ తన జరిమానాల పట్టికను 2020 అక్టోబరులో సవరించింది.

చట్టపరమైన ఆధారం

తనిఖీకి మూలాధారం 1988 చట్టం. సాంకేతిక వివరాలు కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు–1989లో, రాష్ట్ర స్థాయి విధానం ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల నిబంధనలు–1989లో ఉన్నాయి. చట్టంలోని ముఖ్యమైన సెక్షన్లు ఇవి:

- 56: చెల్లుబాటయ్యే ఫిట్‌నెస్ ధ్రువపత్రం లేని రవాణా వాహనం సరిగా రిజిస్టరైనట్టు లెక్కకు రాదు.
- 66: పర్మిట్ లేకుండా రవాణా వాహనాన్ని నడపకూడదు.
- 113, 114: బరువు పరిమితులు, వాహనాన్ని తూకం వేయించే అధికారం.
- 130: అడిగినప్పుడు డ్రైవరు కాగితాలు చూపించాలి. అడిగేది పోలీసు అధికారి అయితే యూనిఫాంలో ఉండాలి.
- 146: మూడో పక్షానికి బీమా తప్పనిసరి.
- 206, 207: కాగితాలను, వాహనాన్ని స్వాధీనం చేసుకునే అధికారం.

డ్రైవర్ల పని గంటలను మోటారు రవాణా కార్మికుల చట్టం–1961 నిర్దేశించింది (చూ. డ్రైవరు). ఇతరుల సరుకును కిరాయికి రవాణా చేయించే సంస్థలకు రోడ్డు రవాణా చట్టం–2007 ప్రకారం రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇసుక, గ్రానైటు వంటి ఖనిజాలకు గనుల చట్టాలు, రేషన్ బియ్యానికి నిత్యావసర సరుకుల చట్టం–1955, సరుకు పన్నుకు జీఎస్టీ చట్టాలు విడిగా వర్తిస్తాయి.

తనిఖీ చేసే యంత్రాంగం

*రవాణా శాఖ.* జిల్లా స్థాయి రవాణా అధికారి కింద మోటారు వాహనాల తనిఖీ అధికారులు, సహాయ తనిఖీ అధికారులు పనిచేస్తారు. బ్రేకులు, టైర్లు, బరువు, పర్మిట్, పన్ను వంటి సాంకేతిక అంశాలు ప్రధానంగా వీరివే.

*పోలీసు శాఖ.* వేగం, మద్యం తాగి నడపడం, ప్రమాదకరంగా నడపడం, రోడ్డు మీద అడ్డంగా ఆపడం వంటి ఉల్లంఘనలను శాంతిభద్రతల, ట్రాఫిక్, హైవే గస్తీ పోలీసులు చూస్తారు.

*ఇతర శాఖలు.* ఇసుక, గ్రానైటు లారీలను గనుల శాఖ, బియ్యం లారీలను పౌర సరఫరాలు, విజిలెన్స్ విభాగాలు, ఈ–వే బిల్లులను వాణిజ్య పన్నుల శాఖ తనిఖీ చేస్తాయి. రేషన్ బియ్యం పట్టుబడితే నిత్యావసర సరుకుల చట్టంలోని 6–ఏ సెక్షన్ కింద కేసు నడుస్తుంది. వాడుకలో దీన్ని ‘సిక్స్–ఏ కేసు’ అంటారు.

తనిఖీ రకాలు

1. సాధారణ తనిఖీ: కూడళ్లలో, వంతెనల దగ్గర, పట్టణ శివార్లలో వాహనాలను ఆపి కాగితాలు, పైకి కనిపించే లోపాలు చూడటం.
2. ప్రత్యేక తనిఖీ: ఓవర్‌లోడు, మద్యం, రిఫ్లెక్టర్లు లేని బండ్లు వంటి ఒక్క అంశాన్నే తీసుకుని కొన్ని రోజులు జరిపే పరిశీలన.
3. బరువు తనిఖీ: అనుమానం వచ్చిన లారీని వేబ్రిడ్జికి పంపి తూకం వేయించడం.
4. ప్రమాదానంతర తనిఖీ: ప్రమాదంలో చిక్కుకున్న వాహనాన్ని 136వ సెక్షన్ కింద పరీక్షించి యాంత్రిక లోపం ఉందో లేదో నివేదిక ఇవ్వడం. పోలీసు కేసులోను, పరిహార ట్రిబ్యునల్‌లోను ఈ నివేదిక సాక్ష్యంగా నిలుస్తుంది.
5. ఎలక్ట్రానిక్ పర్యవేక్షణ: 2019 సవరణతో చేరిన 136–ఏ సెక్షన్ కింద కెమెరాలు, వేగం కొలిచే పరికరాలు, నడుస్తున్న వాహనాన్ని తూచే యంత్రాల ద్వారా ఉల్లంఘనను నమోదు చేసి ఈ–చలానా పంపడం.

రహదారి తనిఖీని ఫిట్‌నెస్ పరీక్షతో కలిపి చూడకూడదు. ‘ఎఫ్‌సీ’ అని పిలిచే ఫిట్‌నెస్ పరీక్షకు యజమానే లారీని తీసుకువెళ్లాలి. కొత్త రవాణా వాహనానికి ఎఫ్‌సీ రెండేళ్లు చెల్లుతుంది. ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకోసారి, ఆపైన ఏటా పునరుద్ధరించుకోవాలి. ఎఫ్‌సీ పరీక్షలను దశలవారీగా యంత్రాలతో నడిచే ఆటోమేటెడ్ కేంద్రాలకు మారుస్తున్నారు.

తనిఖీ జరిగే తీరు

*కాగితాలు.* డ్రైవరు లైసెన్సు, ఆర్‌సీ, ఎఫ్‌సీ, పర్మిట్, బీమా, కాలుష్య ధ్రువపత్రం, పన్ను రశీదు, సరుకు బిల్లు, అవసరమైతే ఈ–వే బిల్లు చూస్తారు. డిజీలాకర్‌లోను, ఎం–పరివాహన్ యాప్‌లోను ఉన్న డిజిటల్ ప్రతులు కాగితపు ప్రతులతో సమానంగా చెల్లుతాయి. కాగితం వెంట లేనంత మాత్రాన అది అసలే లేనట్టు కాదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 139వ నిబంధన ప్రకారం తర్వాత 15 రోజుల్లో సమర్పించే వీలుంది. పాతబడిన లారీలకు జాతీయ పర్మిట్ ఉండదు. మామూలు లారీకి 12 ఏళ్లు, ఎక్కువ ఇరుసుల లారీకి 15 ఏళ్లు దాని పరిమితి.

*వాహనం.* బ్రేకులు, స్టీరింగు, టైర్ల అరుగుదల, ముందు వెనక దీపాలు, ఇండికేటర్లు, అద్దాలు, వైపర్లు, హారను వరసగా చూస్తారు. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. రాత్రిపూట లారీ కనబడేందుకు ముందు తెలుపు, వెనక ఎరుపు, పక్కల పసుపు రంగు రిఫ్లెక్టివ్ టేపులు ఉండాలి. చిన్న వాహనం వెనక నుంచి లారీ కిందికి చొచ్చుకుపోకుండా అడ్డుకునే కడ్డీ, గంటకు 80 కిలోమీటర్లు దాటనివ్వని వేగ నియంత్రిక కూడా తనిఖీలో ఉంటాయి. బండి చెడిపోయి ఆగితే వెనక పెట్టడానికి రిఫ్లెక్టర్ త్రికోణం దగ్గర ఉండాలి.

*బరువు.* ఓవర్‌లోడును కంటితో అంచనా వేసి శిక్షించకూడదు, తూకం వేయాలి. 114వ సెక్షన్ ప్రకారం లారీ వెళ్లే దారిలో 10 కిలోమీటర్ల లోపు, లేదా గమ్యానికి 20 కిలోమీటర్ల లోపు ఉన్న కాటాకు తీసుకెళ్లమని అధికారి ఆదేశించవచ్చు. బరువు ఎక్కువని తేలితే అదనపు సరుకు దించేవరకు బండి కదలకూడదని రాతపూర్వకంగా ఆదేశిస్తారు. దించిన సరుకు బాధ్యత, ఖర్చు రవాణాదారుడివే.

2018 జులైలో కేంద్రం ఇరుసు బరువు పరిమితులను పెంచింది. ఆరు చక్రాల లారీ మొత్తం బరువు 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు, దేశంలో గరిష్ఠ పరిమితి 49 టన్నుల నుంచి 55 టన్నులకు చేరింది. ఏ లారీకైనా దాని ఆర్‌సీలో నమోదైన బరువే తనిఖీలో ప్రమాణం.

*డ్రైవరు పరిస్థితి.* రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఆల్కహాలు ఉంటే 185వ సెక్షన్ కింద నేరం. శ్వాస పరీక్ష యంత్రంతో దీన్ని అక్కడే కొలుస్తారు. రాత్రి చివరి జాముల్లో లారీలను ఆపి డ్రైవర్లతో ముఖం కడిగించి పంపే ‘ఫేస్ వాష్ అండ్ గో’ కార్యక్రమాన్ని రాష్ట్ర పోలీసులు పలు రహదారుల మీద నడిపారు. ఇందులో జరిమానా ఉండదు. నిద్రమత్తు వదిలించడమే దీని ఉద్దేశం.

సరుకును బట్టి తనిఖీ

*ధాన్యం.* ఈ ప్రాంతంలో ధాన్యం బస్తా 75 కిలోలు. ఉదాహరణకు ఖాళీ బరువు 6.5 టన్నులు, అనుమతించిన మొత్తం బరువు 18.5 టన్నులు ఉన్న లారీ 12 టన్నులు, అంటే 160 బస్తాలు మోయవచ్చు. అదే లారీకి 200 బస్తాలు ఎత్తితే మూడు టన్నులు అదనమవుతుంది. దానికి జరిమానా 20,000 రూపాయలు, టన్నుకు 2,000 చొప్పున మరో 6,000 కలిపి 26,000 రూపాయలు. వరి కోతల కాలంలో గడ్డి వేసుకుని తిరిగే ట్రాక్టర్లది వేరే సమస్య. బరువు తక్కువైనా గడ్డి ట్రాలీ బయటికి పొంగి ఎదుటి వాహనాలకు దారి లేకుండా చేస్తుంది, వెనక దీపాలను కప్పేస్తుంది.

*ఇసుక.* తడి ఇసుక పొడి ఇసుక కంటే బరువు. అందువల్ల టిప్పర్‌లో ఒకే మట్టానికి నింపినా రేవు దగ్గర తడిగా ఉన్నప్పుడు బరువు పరిమితి దాటవచ్చు. పరదా కప్పకపోతే ఇసుక ఎగిరి వెనక వచ్చే ద్విచక్ర వాహనదారుల కళ్లలో పడుతుంది. గనుల శాఖ అనుమతి రశీదు కూడా చూస్తారు. వ్యవసాయ పనికి రిజిస్టరైన ట్రాక్టరును ఇసుక, ఇటుకల కిరాయికి తిప్పితే అది రిజిస్ట్రేషన్ ఉద్దేశానికి విరుద్ధం.

*చేపలు, రొయ్యలు.* ఐసు కరిగేలోగా శుద్ధి కర్మాగారానికి చేరాలన్న తొందర వల్ల ఈ వాహనాలు ఎక్కువగా రాత్రి, తెల్లవారుజామున పరుగులు తీస్తాయి. వేగం, నిద్రలేమి ఇక్కడ ముఖ్య ప్రమాదాలు. పెట్టెల నుంచి కారే నీరు రోడ్డును జారుడుగా మారుస్తుంది.

*నిమ్మ, పసుపు.* ఇవి ఉత్తరాది నగరాల వరకు వెళ్లే దూరపు లోడ్లు. పర్మిట్ గడువు, ఈ–వే బిల్లు గడువు, డ్రైవరు విశ్రాంతి వీటిలో ప్రధానంగా చూడాల్సినవి.

*గ్రానైటు.* ఒక్క దిమ్మె అనేక టన్నులుంటుంది. మొత్తం బరువు పరిమితిలో ఉన్నా దిమ్మె ఒక ఇరుసు మీదికే ఒరిగితే ఆ ఇరుసు పరిమితి దాటుతుంది. గొలుసులతో బిగించకపోతే మలుపులో జారుతుంది.

*ప్రమాదకర సరుకులు.* పెట్రోలు, గ్యాసు, రసాయనాల ట్యాంకర్లకు 129 నుంచి 137 వరకు ఉన్న కేంద్ర నిబంధనలు వర్తిస్తాయి. సరుకు గుర్తు, అత్యవసర సమాచార పలక వాహనం మీద ఉండాలి. డ్రైవరుకు ప్రత్యేక శిక్షణ, లైసెన్సు మీద దాని నమోదు ఉండాలి.

*సరుకు బండిలో మనుషులు.* నాట్లకు, మిరప కోతలకు కూలీలను ట్రాలీ ఆటోల్లో, మినీ లారీల్లో తరలించడం ఈ ప్రాంత తనిఖీల్లో తరచూ ఎదురయ్యే ఉల్లంఘన. ప్రమాదం జరిగినప్పుడు దీని నష్టం రెండింతలు. సరుకు వాహనంలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు బీమా సంస్థ బాధ్యత ఉండదని న్యూ ఇండియా అస్యూరెన్స్ వర్సెస్ ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సరుకు యజమాని గాని, అతని ప్రతినిధి గాని సరుకు వెంట ప్రయాణిస్తే మాత్రం మోటారు వాహనాల చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రకారం బీమా వర్తిస్తుంది.

ఉల్లంఘనలు, శిక్షలు

2019 సవరణ తర్వాత చట్టంలో ఉన్న ముఖ్య జరిమానాలు:

- ఓవర్‌లోడు (194): 20,000 రూపాయలు, అదనపు టన్నుకు 2,000, సరుకు దించే ఖర్చు.
- సరుకు బయటికి పొడుచుకు రావడం (194–1ఏ): 20,000 రూపాయలు, దించే ఖర్చు.
- తూకానికి ఆపకపోవడం, నిరాకరించడం (194–2): 40,000 రూపాయలు.
- పర్మిట్ లేకపోవడం (192–ఏ): మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, 10,000 రూపాయలు.
- రిజిస్ట్రేషన్ లేదా ఎఫ్‌సీ లేకపోవడం (192): మొదటిసారి 2,000 నుంచి 5,000 రూపాయలు.
- బీమా లేకపోవడం (196): మొదటిసారి 2,000, తర్వాత 4,000 రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు.
- లైసెన్సు లేకుండా నడపడం (181): 5,000 రూపాయల జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు. అలాంటి వ్యక్తికి బండి ఇచ్చిన యజమానికి (180) కూడా జరిమానా.
- మద్యం తాగి నడపడం (185): మొదటిసారి 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ.

200వ సెక్షన్ కింద చాలా నేరాలకు అక్కడే రుసుము కట్టి కేసు ముగించుకోవచ్చు. సుప్రీంకోర్టు నియమించిన రహదారి భద్రతా కమిటీ 2015లో రాష్ట్రాలకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఓవర్‌లోడు, సరుకు బండిలో మనుషుల తరలింపు, అతివేగం, మద్యం, సెల్‌ఫోన్ వాడకం వంటి నేరాల్లో జరిమానాతో పాటు లైసెన్సును కనీసం మూడు నెలలు సస్పెండ్ చేయాలి. చట్టాన్ని అమలు చేసే అధికారే నేరం చేస్తే 210–బీ సెక్షన్ ప్రకారం శిక్ష రెట్టింపు.

యజమాని, రవాణా సంస్థ బాధ్యతలు

194వ సెక్షన్ బండి నడిపినవారితో పాటు నడిపించినవారికీ, నడపడానికి అనుమతించినవారికీ వర్తిస్తుంది. నేరం కంపెనీ పేరిట జరిగితే 199వ సెక్షన్ ప్రకారం దాని వ్యవహారాలు చూసే బాధ్యులు కూడా దోషులవుతారు. కాబట్టి ‘లోడు ఎత్తించింది ట్రాన్స్‌పోర్టు ఆఫీసు, నడిపింది డ్రైవరు’ అన్న వాదన యజమానిని కాపాడదు.

సంస్థలో పాటింపు నాలుగు పనుల మీద నిలుస్తుంది. ఒకటి, ప్రతి లారీకి ఎఫ్‌సీ, బీమా, పర్మిట్, కాలుష్యం, త్రైమాసిక పన్ను గడువులు రాసిన పట్టిక ఉంచి, గడువుకు ముందే పునరుద్ధరించడం. రెండు, ట్రిప్పుకు ముందు బ్రేకు, టైర్లు, దీపాలు, గాలి, ఆయిలు చూసి పుస్తకంలో నమోదు చేయడం. మూడు, లోడు ఎత్తిన చోటే కాటా వేయించి రశీదు బండిలో ఉంచడం. నాలుగు, డ్రైవరు లైసెన్సు ఆ తరగతి వాహనానికి చెల్లుతుందో లేదో పనిలో చేర్చుకునే ముందే చూడటం. లైట్ మోటారు వాహన లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని నడపవచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. మినీ లారీలు, ట్రాలీ ఆటోలు నడిపే వేలమందికి ఇది వర్తిస్తుంది. అంతకు మించిన లారీకి రవాణా లైసెన్సు తప్పనిసరి. దాన్ని అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి.

డ్రైవరు: విధులు, హక్కులు, పని గంటలు

యూనిఫాంలో ఉన్న అధికారి ఆపమంటే ఆపడం, కాగితాలు చూపడం డ్రైవరు విధి. సరుకు వాహనం వేగం నాలుగు వరసల రహదారిలో గంటకు 80 కిలోమీటర్లు, ఇతర రోడ్లలో 60 దాటకూడదు. స్థానికంగా ఇంకా తక్కువ పరిమితి పెట్టవచ్చు. ప్రమాదం జరిగితే గాయపడినవారికి వైద్యం అందేలా చూసి, 24 గంటల్లోగా పోలీసులకు తెలియజేయాలని 134వ సెక్షన్ చెబుతుంది.

స్వాధీనం చేసుకున్న కాగితాలకు, వాహనానికి రశీదు అడిగి తీసుకోవడం, తూకం చీటీ చూడటం, కేసు ఒప్పుకోకుంటే కోర్టులో తేల్చుకోవడం డ్రైవరు హక్కులు.

1961 చట్టం ప్రకారం అయిదుగురు లేదా అంతకంటే ఎక్కువ కార్మికులున్న రవాణా సంస్థలో రోజుకు 8, వారానికి 48 పని గంటల పరిమితి ఉండేది. అయిదు గంటల పని తర్వాత కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాల్సి ఉండేది. ఈ చట్టాన్ని వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి–2020లో విలీనం చేశారు. ఆ స్మృతి 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. 2025 అక్టోబరు 1 తర్వాత తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల్లో డ్రైవరు క్యాబిన్‌కు ఏసీ ఉండాలన్న నియమం కూడా అలసటను తగ్గించేందుకు పెట్టినదే.

ప్రమాదం చేసి సమాచారం ఇవ్వకుండా పారిపోతే పదేళ్ల వరకు జైలు విధించే భారతీయ న్యాయ సంహిత 106(2)పై 2024 జనవరిలో దేశవ్యాప్తంగా డ్రైవర్లు ఆందోళన చేశారు. 2024 జులై 1న సంహిత అమల్లోకి వచ్చినప్పుడు కేంద్రం ఆ ఒక్క నిబంధనను పక్కన ఉంచింది.

ఇతర దేశాల పద్ధతులు

ఉత్తర అమెరికాలో వాణిజ్య వాహన భద్రతా కూటమి రూపొందించిన ఒకే ప్రమాణం అమెరికా, కెనడా, మెక్సికోలకు వర్తిస్తుంది. దాని మొదటి స్థాయి తనిఖీలో 37 అంచెలున్నాయి. తీవ్ర లోపం దొరికితే బండిని గాని, డ్రైవరును గాని అక్కడే రోడ్డు నుంచి తప్పిస్తారు. సరుకు లారీ డ్రైవరు 10 గంటల విశ్రాంతి తర్వాత గరిష్ఠంగా 11 గంటలు నడపవచ్చు. 2017 డిసెంబరు నుంచి ఆ గంటలను ఎలక్ట్రానిక్ పరికరం నమోదు చేస్తోంది. ఐరోపా సమాఖ్యలో 2006 నాటి నియమావళి ప్రకారం నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆగాలి. రోజువారీ పరిమితి మామూలుగా తొమ్మిది గంటలు. భారతదేశంలో తనిఖీ కాగితాలు, బరువు మీద ఎక్కువగా ఆధారపడుతుంది. డ్రైవరు ఎన్ని గంటలుగా నడుపుతున్నాడో రోడ్డు మీద కొలిచే పరికరం ఇక్కడి మామూలు సరుకు లారీల్లో తప్పనిసరి కాదు.

సమస్యలు, భిన్న వాదనలు

లారీ యజమానుల వాదన ప్రకారం డీజిలు, టైర్లు, టోల్, బీమా, పన్నులు పెరిగినంతగా కిరాయిలు పెరగలేదు. పరిమితి మేరకు లోడు ఎత్తితే ట్రిప్పు గిట్టుబాటు కాదు. అనేక శాఖలు వేరువేరుగా ఆపడం వల్ల కాలం వృథా అవుతుంది. పాత లారీల ఎఫ్‌సీ రుసుము మీద కూడా వారికి అభ్యంతరం ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన భారీ వాహనానికి దాన్ని 12,500 రూపాయలు చేశారు. తనిఖీల్లో మామూళ్ల ఆరోపణ చాలాకాలంగా ఉంది. కెమెరాలు, ఈ–చలానా, డిజిటల్ కాగితాలు వచ్చాక అధికారి, డ్రైవరు ముఖాముఖి బేరానికి అవకాశం కొంత తగ్గింది.

అధికారుల వైపు నుంచి సిబ్బంది కొరత, తనిఖీ ప్రదేశానికి దగ్గరలో కాటా లేకపోవడం, దించిన సరుకు ఉంచడానికి స్థలం లేకపోవడం, ఇరుకు డెల్టా రోడ్ల మీద లారీని సురక్షితంగా ఆపే జాగా దొరకకపోవడం ప్రధాన ఇబ్బందులు. తనిఖీ కోసం మలుపులో, వంతెన ముఖాన లారీ ఆపితే ఆ తనిఖీయే ప్రమాదానికి కారణం కావచ్చు. డ్రైవర్లకు బత్తా ట్రిప్పు లెక్కన ఇచ్చే పద్ధతి వారిని విశ్రాంతి మానుకునేలా చేస్తుంది.

ప్రాముఖ్యం

కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారు. ఆగి ఉన్న లారీని వెనక నుంచి ఢీకొనడం, రాత్రి కనబడని ట్రైలర్, పట్టు తప్పిన బ్రేకు వంటి కారణాలు తనిఖీతో ముందే పట్టుకోగలిగినవి.

రోడ్డు మన్నికకూ తనిఖీతో సంబంధం ఉంది. అమెరికాలోని ఇల్లినాయిలో 1958–60 మధ్య జరిగిన రహదారి ప్రయోగాలు ఇరుసు బరువు పెరిగితే రోడ్డు దెబ్బతినడం సుమారు నాలుగో ఘాతంలో పెరుగుతుందని చూపాయి. ఆ లెక్కన ఇరుసు మీద 20 శాతం అదనపు బరువు రోడ్డుకు రెండింతల నష్టం చేస్తుంది. బరువు రెట్టింపైతే నష్టం 16 రెట్లు. తడికి ఉబ్బి ఎండకు కుంగే నల్లరేగడి నేల మీద, కాలువ గట్ల వెంట వేసిన డెల్టా రోడ్లకు ఈ లెక్క మరింత వర్తిస్తుంది.

రహదారి తనిఖీకి చిక్కేది రోడ్డెక్కిన లారీల్లో కొద్ది భాగమే. మిగిలిన వాటి భద్రత బస్తాలు ఎత్తిన మిల్లు దగ్గర, కాటా దగ్గర, తాళాలు డ్రైవరు చేతికి అందిన చోట తేలిపోతుంది.